నెమలి కాగితపు పందిరిమంచం

మా తమ్ముడు మడికొండలో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి నేను రాలేదని అలిగి, నెల తిరిగేసరికి తనే అలక మాని ఫోను చేస్తే చూడ్డానికి వెళ్లాను. హాలు ఖాళీగా ఉంది, మనం అన్న మాట తిరిగి మన చెవిలోకే వచ్చేంత ఖాళీ. తమ్ముడి కూతురు చిన్ని ఆ హాలు మధ్యలో నిలబడి, సెల్‌ఫోను ముందుకు చాపి, చెవి కమ్మ పారేసుకున్నదానిలా నేలంతా వెతుకుతోంది. "అత్తా, ఇటు రా, సోఫా చూడు" అంది. చూశాను. టైల్స్ తప్ప ఏమీ లేవు. "ఆడ కాదత్తా, ఇండ్ల" అని ఫోను నా ముక్కు కింద పెట్టింది. ఫోనులో అదే హాలు, అదే గోడ, గోడవారగా నీలం రంగు సోఫా. చిన్ని వేలితో నెట్టగానే అది సాధువైన ఆవులా పక్కకు జరిగింది. నాకు నవ్వు వచ్చింది. నిలబడి నవ్వగలిగే నవ్వు కాదు, కూర్చోవలసిన నవ్వు. కూర్చోవడానికేమో సోఫా ఫోనులో ఉండిపోయింది. నేలమీదే కూలబడ్డాను.

"ఏమైందత్తా?"

"ఏం కాలేదే. గిదే పని మీ తాత నాతోని కాగితాలు మడతపెట్టించి చేయించిండు. అప్పుడు మీ నాయిన నా చంకల ఉన్నడు, ముక్కు చీమిడి కారుకుంట."

"నువ్వు చెప్పే ముచ్చట్లల్ల సగం అబద్ధాలుంటయని డాడీ చెప్పిండు."

"సగమేనా? వాడికి నా మీద అంత గౌరవమున్నదని ఇన్నాళ్లు నాకు తెల్వదే!"

ఆ గౌరవం నిలబెట్టుకోవడానికే ఇది రాస్తున్నాను. సగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీసి చూపించను. కొలతలు మాత్రం అన్నీ నిజం.

అప్పట్లో మేము మట్టెవాడలో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. గదులు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా ఉండేవి. వంటింట్లో అమ్మ "అన్నం పెట్టిన, రాండ్రి" అని కేకేస్తే, ఆ కేక ముందు గదికి చేరేసరికి అన్నం చల్లారిపోయేది. వీధి తలుపు రెండు రెక్కలూ తెరిస్తే ఎడ్లబండి లోపలికి వచ్చి, గుండ్రంగా తిరిగి, ఎడ్లు తలలు ఊపి సలాం చేసి మరీ వెళ్లిపోవచ్చు. అంత ఇంట్లోనూ ముందు గది మొత్తం ఒకే ఒక్క వస్తువుది. అది మా బాపమ్మ పందిరిమంచం. బాపమ్మ అంటే మా నాన్నను, అదే మా బాపును, కన్నతల్లి; బాపు ఆమెను అవ్వా అని పిలిచేవాడు. ఆ మంచాన్ని పరకాలలో ఆమె తండ్రి చేయించాడు. అడవిలో ఒక టేకు చెట్టును చూపించి దీన్ని మంచం చేయమన్నాడట, వడ్రంగి మాట సరిగా వినక మొత్తం చెట్టునూ మంచం చేశాడట. ఇది నేను కల్పించింది కాదు, బాపమ్మ కల్పించింది. మా వంశంలో ఈ విద్య నాతో మొదలవలేదు.

మంచం గుంజలు నా నడుమంత లావు. తలవైపు చెక్కలో అద్దం బిళ్లలు పొదిగి ఉండేవి, వాటిలో ఒకే మొహం పదిసార్లు కనబడేది. ఎక్కాలంటే పీట వేసుకోవాలి. ఇవతల అంచున ఉక్కపోస్తుంటే అవతల అంచున దుప్పటి కప్పుకోవాల్సి వచ్చేది. మంచం కింద ఇంకో సంసారం నడిచేది: ఉల్లిగడ్డలు, చింతపండు కుండ, మామిడికాయ తొక్కు జాడీలు, పసుపు కొమ్ములు, ఏడాదికి రెండుసార్లు ఈనే పిల్లి, ఎండాకాలమైతే నేను. బాపమ్మ తెల్లవారగానే మంచం మీద లేచి కూర్చుని, తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, వక్క కత్తిరిస్తూ అక్కడి నుంచే ఇల్లు నడిపేది. పాలవాడిని, చాకలామెను, మా బాపు పై అధికారిని కూడా అక్కడి నుంచే తిట్టేది. నేను ఆమె పక్కలో పడుకునేదాన్ని. నన్ను నిద్రపుచ్చుతానని వీపు మీద చెయ్యి వేసి చుట్టాల పేర్లన్నీ వరసగా చెప్పేది, మరిపెడలో మేనత్త కొడుకు దాకా రాగానే తను నిద్రపోయేది. ఆ చేతి బరువు, కొబ్బరినూనె, వక్క, పాత టేకు, కింద నుంచి తొక్కు వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు నిద్ర. మంచం ఎక్కడుంటే బాపమ్మ అక్కడ, బాపమ్మ ఎక్కడుంటే నా నిద్ర అక్కడ. అప్పటికి నాకు తెలిసిన భూగోళశాస్త్రం అంతే.

మా ఇంటి పక్కనే ఖాసిం మామ రేకుపెట్టెల దుకాణం. పొద్దంతా రేకు మీద సుత్తి దెబ్బలే. ఆ చప్పుడుకు అలవాటు పడి, శుక్రవారం ఆయన మధ్యాహ్నం నమాజుకు పోయి దుకాణం నిశ్శబ్దమైతే మా తమ్ముడు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. ఖాసిం మామ పెట్టె చేసి, లోపలి రేకుకు రంగు రంగుల పూల కాగితం అంటించేవాడు. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి చేసిన బంక వాసన మా వంటింటి పోపును కూడా ఓడించేది. ఆ కాగితాలు చుట్టలు చుట్టలుగా ఎక్కడి నుంచో వచ్చేవి. గులాబీలు, చిలకలు, ద్రాక్షగుత్తులు, చదరంగం గళ్లు, అన్నిటికన్నా ఖరీదైనది ఆకుపచ్చ మీద బంగారు నెమళ్లు. పెట్టె బయటికి చూస్తే నల్ల రంగు, తాళం గొళ్లెం, పోలీసు మొహం. మూత ఎత్తితే పెళ్లిపందిరి. పెట్టెకు అంటించగా మిగిలిన అంచు ముక్కలు నావి. "తీస్కో బిడ్డా, గోడకు అంటుపెట్టకు, మీ బాపు నన్ను అంటడు" అని ఖాసిం మామ నా లంగా నిండా పోసేవాడు.

ఆ ముక్కలతో నేను సామాన్లు చేసేదాన్ని. కత్తెర లేదు, బంక లేదు, వట్టి మడతే. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, నాకు కాగితపు పడవ ఒక్కటే నేర్పాడు. తక్కినవన్నీ మునిగిపోయిన పడవల నుంచి పుట్టాయి. ఒక పడవ తిరగబడితే దానికి వెన్ను, చేతులు కనబడ్డాయి, కుర్చీ అయింది. కుర్చీని పక్కలకు లాగితే సోఫా. మడత పొరపాటున లోపలికి పోతే తలుపులు తెరుచుకునే బీరువా. అగ్గిపుల్ల పొడవు బల్ల, బొటనవేలంత స్టూలు, దాని మీద గోరంత కూజా. మడత పదునుగా రావడానికి ఖాసిం మామ ఒక నున్నటి కొమ్ము ముక్క ఇచ్చాడు, దానితో ఒక్కసారి రుద్దితే కాగితం ఇస్త్రీ చేసిన ఖద్దరులా నిలబడేది. గులాబీల సోఫా, చిలకల కుర్చీలు వరసగా కిటికీలో పెడితే, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఒకసారి ఒక చీమల కుటుంబం వచ్చి చిలకల సోఫాలో మూడు రోజులు ఉండిపోయింది. కిరాయి అడగలేదు.

మా బాపుది రోడ్ల ఆఫీసులో నక్షలు గీసే ఉద్యోగం. ఆయనకు ప్రపంచంలో స్కేలు మీద లేనిదేదీ నచ్చదు. అమ్మ ముగ్గు వేస్తుంటే నిలబడి, "ఎడమ పక్క రేకు జర పెద్దగైంది" అనే మనిషి. ఆయన హన్మకొండలో నయీంనగర్ దిక్కు చిన్న జాగాలో ఇల్లు మొదలుపెట్టాడు. ముందొక గది, వెనకొక గది, వంటిల్లు, ముందర గుప్పెడు వరండా. గోడలు లేచాయి, దర్వాజలు నిలబెట్టే ముందు ఏ గదిలో ఏ సామాను పడుతుందో తేల్చుకోవాలని, మట్టెవాడ ఇంట్లో నడిమి గది బండల మీద చాక్‌పీసుతో కొత్త ఇంటి నక్ష గీశాడు. అడుగుకు అంగుళం లెక్క. గీసి, నన్ను పిలిచాడు.

"సరోజా, నువ్వు కాగితం సామాన్లు చేస్తవు గదా. మనింట్ల ఉన్నయన్ని కొలత మీద చెయ్యాలె. వస్తదా?"

"వస్తది బాపూ."

"వెంట్రుకంత ఫరక్ రావొద్దు. కాగితం మీద తప్పితే గోడల కాడ తప్పుతది."

ఆ రోజు నుంచి నేను ఎవరికీ దొరకలేదు. చిన్నాయన టేపు ఒక కొస పట్టుకుంటే బాపు రెండో కొస పట్టుకుని ఒక్కో సామాను కొలిచి చెప్పేవాడు, నేను మడిచేదాన్ని. ఖాసిం మామ దేనికి ఏ కాగితమో తనే నిర్ణయించాడు. బాపు నక్షల బల్లకు చదరంగం గళ్లు. అమ్మ కుట్టుమిషనుకు ద్రాక్షగుత్తులు. చిన్నాయన క్యారంబోర్డుకు, దాని కింది స్టాండుకు చిలకలు. మా చిన్నాయనకు అప్పటికి ఉద్యోగం లేదు, క్యారంబోర్డు ఉంది. బియ్యం డ్రమ్ముకు గులాబీలు. మంచం సంగతి వచ్చేసరికి ఖాసిం మామ పై అర మీద నుంచి నెమళ్ల చుట్ట దించాడు. "అవ్వ మంచం గదా, దానికి ఇదే ఉండాలె. ముక్కలు గాదు, సాబుతు కాగితం తీస్కో" అని నిండు కాగితం కోసి ఇచ్చాడు. నాలుగు గుంజలకు కాగితాన్ని పుల్లల్లా చుట్టాను. పైన పందిరి, తలవైపు చెక్క, కింద మంచంకోళ్లు. పరుపు మీద సరిగ్గా ఒక నిండు నెమలి పడేట్టు మడిచాను, తల నుంచి తోక చివరి కన్ను దాకా. దాన్ని చూసి బాపమ్మ ఆకు నమలడం ఆపింది. నాకు తెలిసి ఆమె ఆకు నమలడం ఆపింది మొత్తం జన్మలో రెండుసార్లే.

సామాన్లన్నీ నక్షలో పెట్టే రోజు ఇంటిల్లిపాదీ బండల చుట్టూ చేరింది. నెమలి మంచం ముందు గదిలో పెట్టగానే గది నిండిపోయింది. బాపు బల్ల పెట్టాలంటే దర్వాజకు అడ్డం. బల్ల వెనక గదిలోకి పోతే మిషను బయటికి. మిషను వంటింట్లోకి పోతే బియ్యం డ్రమ్ము బయటికి. డ్రమ్ము ఎక్కడో ఇరికిస్తే క్యారంబోర్డు వీధిలోకి. బాపు చాలాసేపు గడ్డం గోక్కుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు:

"మంచం పోతె అన్ని పడ్తయి."

"ఏడికి పోతది మంచం?" అంది బాపమ్మ.

"అమ్మేద్దాం అవ్వా. నీకు నవారు మంచం కొత్తది అల్లిస్త."

బాపమ్మ వక్క కత్తెర కింద పెట్టింది. "నా మంచం రాని ఇంటికి నేను రాను కొడుకా. పరకాలల మా తమ్ముని ఇంటికి పోత. ఆడ మంచానికి జాగున్నది. మంచానికి జాగున్న కాడ మనిషికి గూడ ఉంటది."

"అట్లంటె ఎట్ల అవ్వా?"

"ఎట్లనో నీ టేపును అడుగు."

ఆదివారం దాకా ఆలోచిద్దామని, ఆదివారం మేస్త్రీకి చెప్పాలని, అప్పటిదాకా నక్ష అట్లాగే ఉండాలని బాపు ఆజ్ఞ. పిల్లి తొక్కకుండా దాని మీద పెద్ద గంప బోర్లించారు. ఆ గంప చుట్టూ అందరం దేవుడి గది చుట్టూ తిరిగినట్టు తిరిగాం. నాకు అన్నం సయించలేదు. పరకాల బస్సు ఎక్కి బాపమ్మ పోతే, మరిపెడ మేనత్త కొడుకు పేరు నాకు ఎవరు చెబుతారు? నేను ఎట్లా నిద్రపోవాలి?

మర్నాడు పొద్దున గంప ఎత్తి చూశాను. నెమలికి తోక లేదు. మంచం కాళ్లవైపు ఎవరో లోపలికి ఒక మడత ఎక్కువ పెట్టారు. మంచి మడత కూడా కాదు, గోరుతో నొక్కిన మడత. దాని అంచున ఎర్రగా ఆకువక్క మరక! ఆ మర్నాడు చూస్తే మిషను సన్నబడింది, ద్రాక్షగుత్తి మీద జొన్నపిండి వేలిముద్ర. ఆ సాయంత్రానికి క్యారంబోర్డుకు నాలుగు చిలకల్లో మూడున్నరే మిగిలాయి. గోళ్లు కత్తిరించుకునే దానితో కొరికినట్టు అంచు వంకర టింకర. మా ఇంట్లో అట్లాంటిది వాడే సోకు ఒక్క చిన్నాయనకే ఉంది. శనివారం చూద్దును గదా, బాపు నక్షల బల్ల కూడా తగ్గింది! చదరంగం గళ్లలో ఒక వరస మాయం. ముందు సన్నగా పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ గీత మీద బ్లేడుతో, వెంట్రుకంత ఫరక్ లేకుండా కోశాడు. దొంగతనం కూడా స్కేలు మీదే చేసిన మనిషి మా బాపు.

చిన్ని ఫోనులోని సోఫా అంగుళం కూడా అబద్ధం ఆడదట. కొలతలన్నీ కంపెనీవాళ్లే అందులో పెట్టి పంపుతారట. మంచిదే. కానీ దాని అంచును ఎవరూ గిల్లలేరు. ఎవరి కోసం ఎవరు ఎంత కురచయ్యారో దానికి తెలియదు. మడికొండ ఫ్లాటులో తమ్ముడికి ఒక గది, మరదలికి ఒక గది, చిన్నికి ఒక గది. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి ఫ్యాను వాళ్లది. పట్టలేదన్న మాటే ఆ ఇంట్లో పుట్టదు. నాకు కొంచెం అసూయ, కొంచెం జాలి. ఏది ఎంతో టేపు పెట్టి కొలవలేదు.

ఇంతకూ నేను చేసిన పని చెబుతాను. వాళ్లు కొలత తగ్గించినందుకు నాకు కోపం రాలేదు. మడతలు అంత అనాకారిగా పెట్టినందుకు వచ్చింది. తోక తెగిన నెమలి, మూడున్నర చిలకలు, పిండి పూసిన ద్రాక్ష! ఖాసిం మామ దగ్గరికి పరిగెత్తి, అన్నిటికీ కొత్త కాగితం కావాలని అడిగాను. ఆయన పాత మంచాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"నెమలి తోకేది బిడ్డా? ఎవలు వండుకున్నరు?"

"అందరు కలిసి మామా."

"మీ బాపు గూడనా?"

తల ఊపాను. ఖాసిం మామ పడీ పడీ నవ్వి, కొట్టబోయిన సుత్తి రేకు మీద కాకుండా గాలిలో కొట్టి, మళ్లీ నెమళ్ల చుట్ట దించాడు. నేను ఎవరెవరు ఎంత తగ్గించారో సరిగ్గా అంతే కొలతతో అన్నీ కొత్తగా మడిచాను. ఈసారి చిన్న మంచంలో కూడా నిండు నెమలి పట్టేట్టు పెట్టాను. మరక లేదు, పెన్సిల్ గీత లేదు. అంత అందమైన అబద్ధం మా వంశంలో ఎవరూ ఆడలేదు.

ఆదివారం గంప ఎత్తారు. బాపు ఒక్కొక్కటీ పెట్టాడు. మంచం పట్టింది. బల్ల పట్టింది. మిషను, డ్రమ్ము, క్యారంబోర్డు అన్నీ పట్టి, మధ్యలో బతుకమ్మ ఆడుకునేంత చోటు మిగిలింది. ప్రతివాళ్ల మొహం మీదా ఒకటే ఆశ్చర్యం: నేను తగ్గించింది ఇంతే గదా, ఇంత జాగా ఎట్లా వచ్చింది?

"పట్టిందిరో!" అన్నాడు చిన్నాయన, బాపు వైపు దొంగచూపు చూస్తూ.

"మొన్న సరిగ్గ పెట్టలేదేమో" అంది అమ్మ.

"టేపు పెట్టి చూస్తవా అన్నా?"

"ఎందుకు, కండ్లకు కనబడ్తలేదా?" అన్నాడు బాపు. టేపు లేకుండా అన్నం కూడా తినని మనిషి! గబగబా లేచి, మేస్త్రీకి చెప్పడానికి సైకిలు తీశాడు.

సామాన్లు తరలించే రోజున మొదట కదిలింది మంచమే. గుంజల చీలలు ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఊడలేదు. పందిరి పందిరిగానే ఐలయ్య ఎడ్లబండి మీద ఎక్కించారు. బాపమ్మ దిగనంది. మంచం నడిమధ్య కాళ్లు ముడుచుకుని, పక్కన ఆకుల డబ్బా పెట్టుకుని కూర్చుంది. నేను తమ్ముణ్ని చంకన వేసుకుని ఆమె పక్కన. బండి చౌరస్తా దాటేసరికి మా వెనక పదిమంది, హన్మకొండ చేరేసరికి ఊరంతా. అద్దాల మంచం, నాలుగు గుంజలు, మధ్యలో ఎర్రటి నోటితో ముసలామె. ఏ ఊరి దేవతనో ఊరేగిస్తున్నారనుకుని ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఒకామె బిడ్డను తెచ్చి బాపమ్మ కాళ్ల మీద పెట్టింది. బాపమ్మ ఏ మాత్రం తడబడకుండా ఆ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి, "దీనికి దిష్టి తగిలింది, పొద్దుమాపు ఉప్పు తిప్పెయ్" అని దీవించింది. కూడలిలో పోలీసాయన తక్కిన బండ్లన్నీ ఆపి దారి ఇచ్చాడు. వెనక రిక్షాలో వస్తున్న బాపు తువ్వాలు మొహం మీద కప్పుకుని, మాకూ తనకూ సంబంధం లేనట్టు కూర్చున్నాడు.

కొత్త ఇంటి ముందు బండి ఆగింది. మంచం దించి దర్వాజ దగ్గరికి తెచ్చారు. నిలువుగా పోలేదు. అడ్డంగా పోలేదు. ఐలయ్య, చిన్నాయన, మా వెంటే వచ్చిన ఖాసిం మామ కలిసి ఏటవాలుగా తిప్పారు. దర్వాజకు గీత పడింది గానీ మంచం లోపలికి పోలేదు. ఎట్లాగో పోయినా, లోపల చూస్తే అర్థమవుతూనే ఉంది: మంచం పెడితే గదిలో మనిషి ఊపిరి పీల్చే జాగా ఉండదు. అప్పుడు, ఇక తప్పక, బాపు టేపు తీశాడు. మంచం కొలిచాడు. గది కొలిచాడు. మళ్లీ మంచం కొలిచాడు. నా వైపు తిరిగాడు.

"కాగితం మీద పట్టింది గదనే. కొలత తప్పినవా?"

ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. ఏమైనా అనండి గానీ నా మడతను అనొద్దు. "నేను తప్పలే బాపూ! మీరెంత కోస్తే అంత చేసిన!"

"ఎవలు కోసిండ్రు?"

"మంచానికి ఆకువక్క మరకుండె. మిషనుకు పిండి చెయ్యి ఉండె. చిలకకు గోళ్ల కత్తెర కాట్లుండె." ఆగాను. "గళ్ల బల్లకు పెన్సిల్ గీతుండె."

అమ్మ గిన్నెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చిన్నాయన ఎద్దు కొమ్ముల్ని కొత్తగా చూసినట్టు చూశాడు. బాపమ్మ ఐలయ్య వైపు తిరిగి, నెమ్మదిగా, "మంచం ఎక్కించు బిడ్డా. పరకాల తొవ్వ పట్టు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను, ముడి వేసుకున్నంత గట్టిగా.

ఐలయ్య గుంజ మీద చెయ్యి వేశాడు. అప్పుడు బాపమ్మకు ఏదో గుర్తొచ్చి బాపు వైపు చూసింది.

"నా మంచం పట్టాలని నేను మడిచిన. నీ బల్ల నువ్వెందుకు కోసుకున్నవు రా?"

బాపు టేపు చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ, "నీ మంచం పట్టాలనే" అన్నాడు.

"నువ్వో?" అని చిన్నాయనను చూసింది.

"గంతే అవ్వా."

"నువ్వో పిల్లా?" అని అమ్మను చూసింది. అమ్మ గిన్నెల లెక్క తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

బాపమ్మ ఆకు నమలడం ఆపింది. ఇది రెండోసారి. ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసి, బుగ్గలో ఉన్న ఆకును ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చుకుని, "నిలబడి ఏం చూస్తానవ్ ఐలయ్యా, ఎడ్లను విప్పు. నీళ్లు పెట్టు" అంది.

సరిగ్గా అప్పుడే వాన. ఆ ఏడాదికి మొదటి వాన, ముందు మాట లేదు, ముచ్చట లేదు. "మంచం తడుస్తాంది! జరసేపు వరండాల పెట్టుండ్రి, వాన ఆగినంక చూద్దాం" అని ఖాసిం మామ అరిచాడు. అందరం తలా ఒక గుంజ పట్టుకుని, పిట్టగోడ మీదుగా ఎత్తి వరండాలో దించాం. వరండాకు ఒక పక్క ఇంటి గోడ, ఇంకో పక్క స్నానాలగది గోడ; మధ్యలో మంచం సీసాకు బిరడా బిగించినట్టు దిగింది. దిగినాక తెలిసింది, దాన్ని దాటి లోపలికి దారి లేదు. వెనక తలుపు కూడా లేదు, వెనక గోడ పక్కింటివాళ్లది. అమ్మ అప్పటికే స్టవ్వు తడవకుండా లోపలికి తీసుకుపోయి ఉంది.

"నేనెట్ల బయటికి రావాలె అత్తమ్మా?" అని లోపలి నుంచి కేక.

"మంచమెక్కి రా" అంది బాపమ్మ.

వాన సాయంత్రానికి ఆగింది. మంచం మాత్రం ఆగిన చోటే ఉంది. జరసేపు అని పెట్టిన మంచం ఎన్ని వానలకు కదల్లేదో నేను చెబితే నమ్మరు. ఖాసిం మామ పెట్టెల రేకుతో ముందర చూరు దింపి ఇచ్చాడు, జల్లు పడకుండా. మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు చెప్పులు విడిచి, పీట ఎక్కి, మంచం మీదుగా నడిచి, అవతల దిగాలి. కరెంటు మీటరు చూసే అతను, పోస్టుమన్, కూరగాయలామె, ఒకసారి బాపు పై అధికారి, ప్యాంటు మడిచి పట్టుకుని. బాపమ్మ ఒక్కరినీ ఊరికే దాటనిచ్చేది కాదు. ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఎందరు పిల్లలు, ఏం కూర. చిన్నాయనకు ఉద్యోగం దొరికింది కూడా ఆ మంచం దాటుతూ ఆగిపోయిన ఒక పెద్దమనిషి వల్లే. బాపు తర్వాత మున్సిపాలిటీకి ఇచ్చిన నక్షలో, వరండా ఉన్న చోట, గోడలకు వాడే నల్ల సిరాతోనే, నాలుగు గుంజలూ స్కేలు మీద గీశాడు.

అయితే నాకు బాగా గుర్తున్నది కొత్త ఇంట్లో మొదటి పొద్దు. బాపు ఆఫీసుకు తయారై, బొత్తాలన్నీ పెట్టుకుని, చెప్పులు ఒక చేత్తో, నక్షల చుట్ట ఇంకో చేత్తో పట్టుకుని మంచం అంచున నిలబడ్డాడు. మంచానికి అడ్డంగా బాపమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన నేను, నిద్ర మొహంతో.

"ఏడికి?" అంది బాపమ్మ.

"ఆఫీసుకు అవ్వా. యాళ్లయితాంది."

"తిన్నవా?"

"ఆఁ."

"ఏం తిన్నవ్?"

"రొట్టె."

"ఎన్ని?"

"అవ్వా..."

"ఎన్ని రా?"

"ఒకటి."

బాపమ్మ లోపలికి తిరిగి, "పిల్లా, ఇంకో రొట్టె పట్రా" అని కేకేసింది. అమ్మ మంచం అంచు మీదుగా వేడి రొట్టె అందించింది. మా బాపు, స్కేలు లేనిదే అడుగు వేయని మనిషి, చెప్పులు చంకలో ఇరికించుకుని, మంచం మీద మోకాళ్లతో నిలబడి రొట్టె మొత్తం తిన్నాడు. ఆఖరి ముక్క మింగేదాకా బాపమ్మ చూసి, అప్పుడు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది.